చర్చిలో మంగళవారం క్లాసు

(నాష్‌విల్‌లో తెలుగు కుటుంబాలూ ఇరుగుపొరుగువాళ్ళూ కలిసి జరుపుకున్న నల్లజాతి చరిత్ర మాసం సభలో చేసిన ప్రసంగం, రికార్డింగ్ నుంచి రాసుకున్నది)

అందరికీ నమస్కారం. వెనక వరసదాకా వినిపిస్తోందా? మన అతిథులకి తెలుగు రాదు, పక్కన కూర్చున్న పిల్లలు ఇంగ్లిషులో చెబుతున్నారు. వాళ్ళకి టైమివ్వడానికి మధ్యమధ్యలో ఆగుతాను. మాట మరిచిపోయిందేమో అనుకోకండి.

నేనిక్కడ పబ్లిక్ స్కూల్లో లెక్కలు చెబుతాను. చరిత్ర టీచర్ని కాను. అయినా "మెంటర్‌షిప్ గురించి మీరే మాట్లాడాలి మేడం" అని పట్టుబట్టారు. మన వాట్సాప్ గ్రూపుల్లో మెంటర్ ఎవరో మనకి తెలుసు. రెజ్యూమె దిద్దిపెట్టే అన్నయ్య, కంపెనీలో రెఫరల్ ఇచ్చే అక్క, మనవాడే కదా అని అరగంట ఫోన్లో హితబోధ చేసే బాబాయి. వీళ్ళూ కావాలి, కాదనను. కానీ మనం రోజూ కార్లో తిరిగే ఈ వీధుల్లోనే 1959లో జేమ్స్ లాసన్ అనే ఆయన చేసిన పని వేరు. ఆయన సలహాలతో సరిపెట్టలేదు, ప్రాక్టీసు చేయించాడు. పిల్లలు తయారయ్యాక కుర్చీ వాళ్ళకే వదిలేశాడు. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఆయన గురించే.

దానికి ముందు ఫిబ్రవరి సంగతి. "ఏడాదిలో అన్నిటికంటే చిన్న నెల నల్లవాళ్ళకిచ్చారు" అని మా క్లాసులో పిల్లలు జోకేస్తుంటారు. ఎవరూ ఇవ్వలేదర్రా. కార్టర్ వుడ్సన్ అనే చరిత్రకారుడు ఏరుకున్నాడు. లింకన్ పుట్టినరోజు ఫిబ్రవరి 12. బానిసత్వం నుంచి తప్పించుకుని దానిమీదే పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ పుట్టినరోజుగా జరుపుకునేది 14. ఆ రెండూ కలిసొచ్చేలా 1926లో ఫిబ్రవరి రెండో వారాన్ని నీగ్రో చరిత్ర వారంగా మొదలుపెట్టాడు. అది నెల అయింది 1976లో. అంటే 2026 ఫిబ్రవరికి మొత్తం 100 ఏళ్ళు.

వుడ్సన్ తల్లిదండ్రులు ఒకప్పుడు బానిసలు. కుర్రతనంలో వెస్ట్ వర్జీనియా బొగ్గుగనుల్లో పనిచేశాడు. ఆ గనుల్లోనే ఆలివర్ జోన్స్ అనే పెద్దాయన ఉండేవాడు, అంతర్యుద్ధంలో పోరాడిన నల్ల సిపాయి. ఆయనకి చదవడం రాదు. చదవడం రాని మనిషి ఇంటినిండా నల్లవాళ్ళు రాసిన పుస్తకాలూ పత్రికలూ పోగేసి పెట్టుకున్నాడు! పని దిగాక గనివాళ్ళంతా ఆ ఇంట్లో చేరేవాళ్ళు. చదువొచ్చిన కుర్రాడు వుడ్సన్ పేపరు చదివి వినిపించాలి, దానికి బదులు తిండి ఉచితం. విన్నవాళ్ళు ఊరుకుంటారా? యుద్ధంలో తాము చూసింది చెబుతారు, పేపర్లో రాసింది తప్పంటారు, వాదించుకుంటారు. తన జాతి చరిత్ర మీద తనకి ఆసక్తి ముదిరింది అక్కడే అని వుడ్సన్ తర్వాత రాసుకున్నాడు. 1912లో హార్వర్డ్ నుంచి పీహెచ్‌డీ తెచ్చుకున్నాడు. నల్లజాతి పండితుడు డుబాయిస్ తర్వాత అక్కడ ఆ పట్టా అందుకున్న రెండో నల్లవాడు ఆయనే. ఆ ఇంట్లో గురువెవరు, శిష్యుడెవరు? మీరే చెప్పండి.

సరే, మన ఊరికి వద్దాం.

జేమ్స్ లాసన్ 1928లో పుట్టాడు, ఒహాయోలో పెరిగాడు. చిన్నప్పుడు అమ్మ ఏదో పనిమీద పంపిస్తే వీధిలో ఓ తెల్ల పిల్లాడు కార్లోంచి జాతిపేరు పెట్టి తిట్టాడు. ఈయన వెళ్ళి చెంప ఛెళ్ళుమనిపించి ఇంటికొచ్చి, గొప్పగా అమ్మకి చెప్పాడు. ఆవిడ పొయ్యి దగ్గర పని ఆపకుండా, వెనక్కి తిరక్కుండానే, "దానివల్ల ఏం మేలు జరిగింది జిమ్మీ?" అందట. తిట్టలేదు, కొట్టలేదు. ఆ ఒక్క ప్రశ్న తన జీవితాన్ని మార్చిందని ఆయన ముసలితనంలో కూడా చెబుతుండేవాడు. ఈ హాల్లో ఉన్న అమ్మలకి ఒక్క మాట. మన పిల్లాడు ఎవర్నో కొట్టొచ్చాడంటే మనం మొదట అడిగేది "టీచర్ చూసిందా?" అని. (నవ్వులు) అవునా కాదా?

పెద్దయ్యాక, కొరియా యుద్ధం రోజుల్లో, సైన్యంలో చేరనని జైలుకెళ్ళాడు. బయటికొచ్చాక 1953లో మెథడిస్ట్ చర్చి తరఫున మన దేశం వచ్చాడు. నాగపూర్ హిస్లాప్ కాలేజీలో మూడేళ్ళు పిల్లలతో పనిచేశాడు, ఆటలు నేర్పించాడు, గాంధీ గారితో కలిసి నడిచినవాళ్ళని వెతుక్కుంటూ తిరిగాడు. నాగపూర్ అంటే తెలంగాణ వాళ్ళకి మరో కథ గుర్తొస్తుంది. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా నుంచి వెళ్ళగొట్టిన విద్యార్థుల్ని పిలిచి సీట్లిచ్చింది నాగపూర్ యూనివర్సిటీయే. పీవీ నరసింహారావు గారు వాళ్ళలో ఒకరు. ఒక యూనివర్సిటీ గెంటేయడం, ఇంకోటి చేరదీయడం. లాసన్ కథలోనూ ఇది వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

1955 డిసెంబర్లో లాసన్ నాగపూర్లో పేపరు తెరిస్తే అలబామాలోని మాంట్‌గోమరీ వార్త కనబడింది. బస్సుల్లో వివక్షకి నిరసనగా నల్లవాళ్ళంతా బస్సులెక్కడం మానేశారు, మార్టిన్ లూథర్ కింగ్ అనే పాస్టర్ ముందుండి నడుపుతున్నాడు. తను ఇక్కడ నేర్చుకుంటున్నది అక్కడ అప్పుడే మొదలైపోయింది! ఎగిరి గంతేశాడు. 1957 ఫిబ్రవరిలో ఓబర్లిన్‌లో ఆ కింగ్‌నే కలిశాడు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే ఈడు. చదువు పూర్తయ్యాక దక్షిణాదికి వస్తానన్నాడు లాసన్. ఆగొద్దు, ఇప్పుడే రండి, మీలాంటివాళ్ళు మాకు లేరన్నాడు కింగ్. అలా నాష్‌విల్ వచ్చి వాండర్‌బిల్ట్ డివినిటీ స్కూల్లో చేరాడు.

అప్పటి డౌన్‌టౌన్ ఎలా ఉండేదంటే, పెద్ద పెద్ద షాపుల్లో నల్లవాళ్ళు బట్టలు కొనచ్చు, డబ్బులు కట్టచ్చు. అదే షాపులో లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుని శాండ్‌విచ్ తినడానికి వీల్లేదు. దేనిమీద పోరాడాలో లాసన్ నిర్ణయించలేదు. మీకు రోజూ బాధ పెట్టేదేమిటని అడిగాడు. ఆడవాళ్ళు చెప్పారు. పిల్లల్ని తీసుకుని డౌన్‌టౌన్ వెళితే కాసేపు కూలబడడానికి చోటుండదు, పిల్లాడు ఆకలన్నా బాత్రూమన్నా ఏం చెప్పాలో తెలీదు, అన్నారు. లంచ్ కౌంటర్ అనేది అలా తేలింది.

ఇక క్లాసు. ఫిస్క్ యూనివర్సిటీ దగ్గర క్లార్క్ మెమోరియల్ మెథడిస్ట్ చర్చి. మంగళవారం సాయంత్రాలు. వచ్చేది పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్లలు. డయాన్ నాష్ షికాగో అమ్మాయి, ఫిస్క్‌లో చదువుతోంది. జాన్ లూయిస్ అలబామా పల్లెటూరి కుర్రాడు, ఇక్కడి బాప్టిస్ట్ సెమినరీలో విద్యార్థి. బెర్నార్డ్ లఫాయెట్, జేమ్స్ బెవెల్ కూడా ఆ సెమినరీవాళ్ళే. కాసేపు గాంధీ, బైబిలు, అన్యాయపు చట్టాన్ని ధిక్కరించమన్న అమెరికా రచయిత థోరో. తర్వాత కుర్చీలు వరసగా వేసి, అదే లంచ్ కౌంటర్ అనుకోమనేవాడు. మన ఉగాది నాటకానికి వేసినట్టే వేషాలు. కొందరు కూర్చునేవాళ్ళు, కొందరు తెల్ల గూండాలు. గూండాలు తిట్టాలి, నిజంగా తిట్టాలి. మొహం మీద సిగరెట్ పొగ వదలాలి, కుర్చీలోంచి లాగి కింద పడేయాలి. కూర్చున్నవాళ్ళు చెయ్యెత్తకూడదు. కింద పడితే తల కాపాడుకుంటూ ఎలా ముడుచుకోవాలి, పక్కవాణ్ణి చావబాదుతుంటే దెబ్బలు తను కాచుకునేలా మధ్యలోకి ఎలా వెళ్ళాలి, కొట్టేవాడి కళ్ళలోకి ఎందుకు చూడాలి, అన్నీ చేసి చూపించేవాడు. ఆపి, మళ్ళీ చేయించేవాడు. కోపం ఎక్కడ తన్నుకొచ్చిందో మాట్లాడించేవాడు. వారం వారం ఇదే, నెలల తరబడి. ఉపన్యాసం అయిపోయాక చప్పట్లు కొట్టి ఇంటికెళ్ళే రకం కాదిది.

డయాన్ నాష్‌కి మొదట ఇది పనిచేస్తుందని నమ్మకమే లేదు. పైగా భయం. క్లాసులో కూర్చుంటే అరచేతులు చెమటతో తడిసిపోయేవని ఆవిడే తర్వాత చెప్పింది. ఆ అమ్మాయినే పిల్లలు తమ ఉద్యమ కమిటీకి ఛైర్మన్ని చేశారు. కాదు కూడదంది, వాళ్ళు వినలేదు. లాసన్ మాత్రం ఆ కుర్చీ తన దగ్గర పెట్టుకోలేదు. నన్నడిగితే ఆయన చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైనది ఇదే. మన సంఘాల్లో అధ్యక్ష పదవి వదలడానికి ఎంత తంటా పడతామో మీకు చెప్పక్కర్లేదు కదా. పేర్లు చెప్పను, చూపులు కూడా తిప్పను. (నవ్వులు)

1960 ఫిబ్రవరి 1న నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు విద్యార్థులు లంచ్ కౌంటర్ దగ్గర కూర్చున్నారు. ఇక్కడ పిల్లలు ఆగలేకపోయారు. కొందరు పెద్దలు బెయిలుకి డబ్బులెక్కడివి, కాస్త ఆగండన్నారు. 13న మంచులో నడుచుకుంటూ ఐదో అవెన్యూలోని క్రెస్, వూల్‌వర్త్, మెక్‌లెలన్ షాపులకి వెళ్ళి కూర్చున్నారు. ఇప్పుడా వీధి పేరు జాన్ లూయిస్ వే. పార్కింగ్ దొరక్క మనం తిట్టుకునే వీధే.

లూయిస్, లఫాయెట్ కలిసి ఓ కాగితం రాసి అందరికీ పంచారు. తిరిగి కొట్టకు, తిట్టకు. పైకి నవ్వకు. నిటారుగా కూర్చో, మొహం కౌంటర్ వైపే ఉంచు. దారికి అడ్డం కూర్చోకు. మర్యాదగా ఉండు. డౌన్‌టౌన్ లైబ్రరీలో పౌరహక్కుల గది ఉంది, అక్కడ లంచ్ కౌంటర్ లాంటిదే కట్టి, దానిమీద ఈ నియమాలు రాసిపెట్టారు. పిల్లల్ని తీసుకెళ్ళి ఆ స్టూలు మీద కూర్చోబెట్టండి. స్టోరీ టైముకి ఎలాగూ వెళ్తున్నారుగా.

ఆ రోజుల్లో జరిగిన ఓ ముచ్చట. గూండాలు ఒక విద్యార్థిని కొడుతుంటే లాసన్ అక్కడికి వెళ్ళాడు. వాళ్ళ నాయకుడు, తోలు జాకెట్టు వేసుకున్న కుర్రాడు, ఆయన మొహాన ఉమ్మేశాడు. లాసన్ శాంతంగా "జేబురుమాలుందా?" అనడిగాడు. ఆ కుర్రాడు తెల్లబోయి, ఏం చేస్తున్నాడో తనకే తెలీకుండా రుమాలు తీసిచ్చాడు. ఈయన మొహం తుడుచుకుని రుమాలు తిరిగిచ్చి, "నీకు మోటార్‌సైకిలుందా?" అన్నాడు. ఉందన్నాడు వాడు. ఇద్దరూ బండి గురించి మాట్లాడుకుంటుంటే దెబ్బలు తిన్న పిల్లాడు లేచి వెళ్ళిపోయాడు. మంగళవారం క్లాసులో చెప్పింది మేష్టారు తను కూడా చెయ్యగలడని పిల్లలు కళ్ళారా చూశారు.

ఫిబ్రవరి 27న విద్యార్థుల్ని చితకబాది, కొట్టినవాళ్ళని వదిలేసి, దెబ్బలు తిన్న సుమారు 80 మందిని అరెస్టు చేశారు. 50 డాలర్ల జరిమానా కట్టం, జైలుకే పోతామన్నారు. మార్చిలో వాండర్‌బిల్ట్ లాసన్‌ని బహిష్కరించింది. డిగ్రీ చేతికి రావడానికి కొద్ది నెలల ముందు. దానికి నిరసనగా ఆ స్కూలు ప్రొఫెసర్లే కొందరు రాజీనామా ఇచ్చారు. బోస్టన్ యూనివర్సిటీ చేర్చుకుని డిగ్రీ ఇచ్చింది. ఇందాకటి నాగపూర్ సంగతి గుర్తుందిగా.

ఏప్రిల్ 19 తెల్లవారుజామున విద్యార్థుల లాయరు అలెగ్జాండర్ లూబీ ఇంటిమీద బాంబు వేశారు. ఎదురుగా ఉన్న మెహారీ మెడికల్ కాలేజీ కిటికీ అద్దాలు వందకి పైగా పగిలాయి. లూబీ, ఆయన భార్య అదృష్టం కొద్దీ బతికారు. ఆ పగలే వేలమంది నోరు మెదపకుండా మేయరు దగ్గరికి నడిచారు. మెట్ల మీద మేయర్ బెన్ వెస్ట్. ఎదురుగా అరచేతులు చెమటలు పట్టే ఆ అమ్మాయి. రంగు చూసి మనిషిని వేరుగా చూడడం తప్పని మీకనిపిస్తోందా అని సూటిగా అడిగింది. తప్పేనని ఒప్పుకున్నాడు మేయరు. మే 10న లంచ్ కౌంటర్లు తెరుచుకున్నాయి.

ఏడాది తిరిగేసరికి ఫ్రీడమ్ రైడ్స్, అంటే ప్రయాణాల్లో వివక్షని ధిక్కరిస్తూ నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి చేసిన బస్సు యాత్రలు. అలబామాలో ఒక బస్సు తగలబెట్టారు, ఇంకో బస్సులోవాళ్ళని రక్తాలొచ్చేలా కొట్టారు, యాత్ర ఆగిపోయింది. నాష్‌విల్ నుంచి మేం కొనసాగిస్తామంది నాష్. చంపేస్తారమ్మా అని వాషింగ్టన్ ప్రభుత్వ మనిషి ఫోన్లో బతిమాలితే, తెలుసండి, రాత్రే అందరూ వీలునామాలు రాసి సంతకాలు పెట్టారు అంది. అప్పటికి ఆవిడ వయసు 23. ఇక్కడ లాసన్ ఏం చేశాడని అడగచ్చు. తనూ రైడ్ ఎక్కాడు, మిసిసిపీలో అరెస్టయ్యాడు. కాకపోతే ముందు సీటు వాళ్ళది.

ఒక్కటి కూడా చెప్పాలి, గురువులంతా ఇంత గొప్పగా ఉండరు. ఈ హాల్లో డాక్టర్లు చాలామందే ఉన్నారు, వాళ్ళకి వివియన్ థామస్ పేరు తెలిసే ఉంటుంది. నాష్‌విల్ కుర్రాడు, వడ్రంగి. డాక్టరవ్వాలని డబ్బు దాచుకుంటే మాంద్యంలో బ్యాంకు మునిగింది. 1930లో వాండర్‌బిల్ట్‌లో సర్జన్ ఆల్‌ఫ్రెడ్ బ్లేలాక్ ల్యాబులో చేరాడు. చేసేది పరిశోధన, జీతం మాత్రం జానిటర్ లెక్కలో. 1941లో బ్లేలాక్ జాన్స్ హాప్‌కిన్స్‌కి వెళుతూ ఈయన్నీ తీసుకెళ్ళాడు. గుండె లోపంతో నీలంగా మారిపోయే పసిపిల్లల ఆపరేషన్ని కుక్కల మీద చేసి చేసి పద్ధతి కుదిర్చింది థామస్. 1944 నవంబర్ 29న మొదటి ఆపరేషన్. బ్లేలాక్ వెనక స్టూలు మీద నిలబడి, కుట్టు ఎటు వెయ్యాలో థామస్ చెబుతుంటే బ్లేలాక్ వేశాడు. పేరు ఎవరికొచ్చింది? బ్లేలాక్‌కి, పిల్లల గుండె డాక్టరు హెలెన్ టౌసిగ్‌కి. బ్లేలాక్ ఆయనకి పని నేర్పాడు, నమ్మాడు, నిజమే. బయటికొచ్చి ఆ పేరు చెప్పలేదు, అదీ నిజమే. ఈ రెండోది నేను క్షమించలేను.

అయినా ఎంతమంది సర్జన్లకి చెయ్యి తిరిగేలా చేసింది మెడికల్ కాలేజీలో చదవని ఈ మనిషే. 1976లో హాప్‌కిన్స్ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఇంకో సంగతి వినండి. వాండర్‌బిల్ట్ మెడికల్ స్కూలు నుంచి పట్టా పొందిన మొదటి నల్లజాతి విద్యార్థి లీవై వాట్కిన్స్, 1970లో. ఆయన హాప్‌కిన్స్‌కి వెళితే అక్కడ చేరదీసింది థామసే. అదే వాట్కిన్స్ 1980లో ప్రపంచంలో మొదటిసారి మనిషి శరీరంలో, గుండె లయ తప్పితే షాకిచ్చి సరిచేసే ఆటోమేటిక్ డీఫిబ్రిలేటర్ అమర్చాడు. మన నాన్నలకీ మామయ్యలకీ ఛాతీలో ఉన్నది దాని సంతతే.

ఇదంతా మనకెందుకు, మన సమస్యలు మనకి చాలవా అని ఒకాయన నిన్న మొహమాటం లేకుండా అడిగారు. మంచి ప్రశ్న. 1946 చట్టం ప్రకారం భారతీయులకి అమెరికా ఇచ్చిన కోటా ఏడాదికి 100 మంది. దేశం మొత్తానికి. ఆ కోటా పద్ధతిని తీసేసిన చట్టం మీద 1965 అక్టోబర్ 3న ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం పెట్టాడు. 1964లో పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటుహక్కు చట్టం, ఆ వెనువెంటనే ఇది. పుట్టుకని బట్టి మనిషిని ఆపకూడదని దేశాన్ని ఒప్పించింది స్టూళ్ళ మీద కూర్చుని దెబ్బలు తిన్న ఆ పిల్లలు. ఆ తలుపులోంచే గుంటూరు, కర్నూలు, ఉస్మానియా, ఆంధ్రా మెడికల్ కాలేజీల డాక్టర్లు వచ్చారు, వాళ్ళ వెనక సాఫ్ట్‌వేర్ వాళ్ళం మనందరం. వచ్చి ఏం చేస్తున్నాం? ఇల్లు కొనేటప్పుడు "ఆ ఏరియా వద్దులెండి" అని గొంతు తగ్గించి చెప్పుకుంటున్నాం. సంబంధాలు చూసేటప్పుడు పిల్ల రంగెంతో అడుగుతున్నాం. వెనక సీట్లో పిల్లలు వింటూనే ఉన్నారు. ఇది ఇక్కడితో ఆపుతాను, భోజనం ముందు ఇంతకంటే బాగోదు.

లాసన్ గారు 2024 జూన్‌లో, 95 ఏళ్ళ వయసులో పోయారు. వెళ్ళగొట్టిన వాండర్‌బిల్టే 2006లో పిలిచి పాఠాలు చెప్పమంది. వెళ్ళి చెప్పాడు. కోపం లేదా అంటే ఏమో, పని మాత్రం వదల్లేదు.

ఇక మన పని. టీ బల్ల దగ్గర ఒక కాగితం పెట్టాం. నార్త్ నాష్‌విల్‌లో శనివారం పొద్దున మిడిల్ స్కూలు పిల్లలకి లెక్కలు చెప్పడానికి మనుషులు కావాలి. అతిథులుగా వచ్చిన పాస్టర్ గారి చర్చిలోనే, చోటు ఆయనిస్తున్నారు. మన హైస్కూలు పిల్లలు కాలేజీ అప్లికేషన్లో వాలంటీర్ గంటలు రాసుకోవడానికైతే దయచేసి పేరు రాయొద్దు. రెండు వారాలొచ్చి ఫొటో దిగి మాయమైతే ఆ పిల్లలకి అలవాటైన పనే మనమూ చేసినట్టవుతుంది. స్కూలు సంవత్సరం మొత్తం వస్తామన్నవాళ్ళే రాయండి. ఒక పిల్లాడికి ఒక మనిషి. భిన్నాలు మొదటివారం రావు, మూడోవారమూ రావు, చేయించాలి, మళ్ళీ చేయించాలి. అక్కడ ఏం నేర్పాలన్నది ఆ తల్లిదండ్రులు చెబుతారు, మనం కాదు. మొదటి రెండు శనివారాలూ వాళ్ళ మాట వినడానికే. మనలో ఉద్యోగాల్లేక ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళు, వీసా ఇబ్బందితో ఖాళీగా ఉన్న ఎంటెక్‌లూ ఎమ్మెస్సీలూ ఉన్నారు, మీరు ముందు రండమ్మా. ఇంగ్లిషు యాస గురించి టెన్షన్ పడకండి. నా యాస ఇదే, మా పిల్లలకి ఈక్వేషన్లు వస్తున్నాయి.

ప్రశ్నలకి పది నిమిషాలుంది. మైకు ముందు పిల్లలకివ్వండి, పెద్దవాళ్ళు కాసేపు ఆగండి.